గుర్రం దిగాక పుట్టిన కవిత్వం

తెలుగు ప్రేక్షకుడికి కౌబాయ్‌ని పరిచయం చేసింది సినిమా. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ టోపీ పెట్టి, నడుముకు తుపాకీ కట్టి గుర్రమెక్కాక ఆ రూపం మనకు స్థిరపడిపోయింది. 2002లో మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’లో మళ్లీ ఆ వేషమే కట్టాడు. ఆ వేషం టెక్సాస్ నుంచి నేరుగా రాలేదు, ఇటలీవాళ్లు తీసిన సినిమాల మీదుగా వచ్చింది. దారిలో ఎక్కడో పశువులు తప్పిపోయాయి. అసలు కౌబాయ్ మాత్రం జీతగాడు. నెలకు 30, 40 డాలర్లకు ఇంకొకరి మందను తోలేవాడు. జీను సొంతం, గుర్రం చాలాసార్లు యజమానిది. ఈ జీతగాళ్లు పద్యాలు కట్టారు. వాటిని కంఠతా పట్టి ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ అలవాటు నూరేళ్లు దాటినా ఆగలేదు. ఏటా జనవరి చివర నెవాడా రాష్ట్రంలో ఎల్కో అనే చిన్న ఊళ్లో దీనికోసమే పెద్ద సభ జరుగుతుంది. 2025లో జరిగింది నలభయ్యోది.

ఈ కవిత్వాన్ని ఏమనాలన్న తగువు ఇంకా తెగలేదు. జానపద పరిశోధకులు ఇది పనిచేసే జనం నోటి నుంచి వచ్చింది కాబట్టి జానపదమే అంటారు. విశ్వవిద్యాలయాల్లోని సాహిత్యశాఖలు చాలాకాలం దీన్ని పట్టించుకోలేదు, పట్టించుకున్నవాళ్లు ప్రాసల గిలకలని తీసిపారేశారు. చరిత్రకారుల అభ్యంతరం మరోటి: ఇందులో కనిపించే స్వేచ్ఛాజీవి ఎన్నడూ లేడు, ఇది లేని కాలం మీద బెంగ అని. ముగ్గురి మాటలోనూ నిజముంది. అయితే ముగ్గురూ పద్యం రాసినవాడి పుట్టుపూర్వోత్తరాలే తవ్వుతున్నారు. నేను చదివినంతలో, విన్నంతలో, ఈ కవిత్వానికి ప్రాణం రాసినవాడి కన్నా వినేవాడి దగ్గర ఎక్కువగా ఉంది. ఎదురుగా కూర్చున్నవాడికి మోకు విసరడం వచ్చు, దూడకు వాత పెట్టడం వచ్చు, మంచులో ఈనే ఆవు దగ్గర రాత్రంతా కూర్చోవడం తెలుసు. అలాంటివాడి ముందు అబద్ధం చెల్లదు. ఆ శ్రోత ఉన్నన్నాళ్లూ పద్యం గట్టిగా నిలిచింది. ఆ శ్రోత పలచబడినచోట పద్యమూ పలచబడింది.

అసలు కథ 1865లో, అమెరికా అంతర్యుద్ధం ముగిసినప్పుడు మొదలవుతుంది. టెక్సాస్‌లో కొమ్ముల పశువులు లెక్కలేనన్ని ఉన్నాయి, కొనేవాళ్లు లేరు. ఉత్తరాది నగరాల్లో మాంసానికి గిరాకీ ఉంది. రైలు కాన్సస్ దాకా వచ్చింది. 1867లో జోసెఫ్ మెకాయ్ అనే వ్యాపారి ఎబిలీన్ అనే ఊళ్లో రైలుకట్ట పక్కన దొడ్లు కట్టించాడు. అక్కణ్నుంచి ఇరవై ఏళ్లపాటు రెండు మూడు వేల తలల మందల్ని పది పన్నెండు మంది కలిసి రోజుకు పది పదిహేను మైళ్ల చొప్పున నెలల తరబడి నడిపించారు. పశువు బక్కచిక్కితే ధర పడిపోతుంది, అందుకే ఆ నెమ్మది. రాత్రిళ్లు ఇద్దరేసి కాపలా. ఒకడు మందకు ఒకవైపు నుంచి, రెండోవాడు ఎదురువైపు నుంచి గుర్రాల మీద చుట్టూ తిరుగుతూ పాడేవాళ్లు. పాట పశువుల కోసం. చీకట్లో ఏ కొమ్మ విరిగినా బెదిరి పరుగెత్తే మందకు మనిషి ఎక్కడున్నాడో తెలుస్తూ ఉండాలి. భక్తిగీతమైనా, బూతుపాటైనా పశువుకు ఒకటే. నెమ్మదిగా, ఆగకుండా సాగితే చాలు.

ఆ పాటల్లో చాలావాటికి మూలాలు సముద్రాలవతల ఉన్నాయి. తుపాకీ దెబ్బతో చనిపోతున్న యువ కౌబాయ్ తన శవయాత్ర ఎలా జరగాలో చెప్పుకునే ప్రసిద్ధమైన లరీడో పాట, సుఖరోగంతో చచ్చిపోయే యువకుడి గురించి బ్రిటన్, ఐర్లండ్‌లలో పాడిన పాత పాటకు రూపాంతరం. నన్ను ఒంటరి గడ్డిమైదానంలో పాతిపెట్టొద్దని వేడుకునే మరో పాటకు మూలం నావికుడి పద్యం, 1839లో ఎడ్విన్ చాపిన్ రాసింది. అందులో సముద్రంలో పడెయ్యొద్దని వేడుకోలు. కౌబాయ్‌లు నీళ్లు తీసేసి గడ్డి పెట్టుకున్నారు. ఇంట్లో నేర్చిన బాణీ ఏదైనా సరే, కొత్త పనికి సరిపోయేలా కత్తిరించి కుట్టుకున్నారు.

1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్లకంచెకు పేటెంటు తీసుకున్నాడు. రైలు టెక్సాస్‌లోకే వచ్చేసింది. 1886-87 చలికాలంలో ఉత్తర మైదానాల్లో మంచు కింద మందలకు మందలే చచ్చాయి. దూరపు తోలకాలు ముగిశాయి. ఇక కౌబాయ్ కంచె లోపల, ఒకే పశుక్షేత్రంలో, గడ్డి కోస్తూ, కంచె బాగుచేస్తూ బతికే కూలీ అయ్యాడు. అచ్చులో కనిపించే కౌబాయ్ కవిత్వంలో అధికభాగం ఈ ముగింపు తరవాతిదే. అంటే కౌబాయ్ పాటల తొలి సంకలనం అచ్చయ్యేనాటికే ఈ కవిత్వం వెనక్కి తిరిగి చూస్తోంది. బెంగ దీనికి తరవాత అంటుకున్న జబ్బని కొందరంటారు గానీ, నాకైతే అది పుట్టుమచ్చలా కనబడుతుంది.

ఆ తొలి సంకలనం కథ చెప్పుకోదగ్గది. జాక్ థార్ప్ న్యూయార్క్‌లో పుట్టి న్యూ మెక్సికో చేరిన మనిషి. 1889లో ఒక రాత్రి రోజ్‌వెల్ ప్రాంతంలో నల్లజాతి కౌబాయ్‌ల మజిలీ దగ్గర ఆగాడు. వాళ్ల పెద్ద ఆడిసన్ జోన్స్, గుర్రాలను లొంగదీయడంలో ఆ చుట్టుపక్కల పేరుమోసినవాడు. అక్కడ విన్న పాట థార్ప్‌ను పట్టుకుంది. గుర్రం మీద ఊరూరా తిరిగి పాటలు ఏరుకున్నాడు. 1908లో ఎస్టాన్సియా అనే ఊళ్లోని పత్రికా ముద్రణాలయంలో సొంత డబ్బుతో 23 పాటల చిన్న పుస్తకం వేయించాడు. అందులో గొడ్ల తొక్కిసలాటలో చచ్చిపోయిన గుర్రాలకాపరి కుర్రాడి కథ ఒకటుంది. అది 1898లో మంద తోలుతూ థార్ప్ తానే కట్టింది. కానీ పుస్తకంలో తన పేరు పెట్టుకోలేదు.

రెండేళ్లకే, 1910లో, టెక్సాస్ ఆచార్యుడు జాన్ లోమాక్స్ సంకలనం వచ్చింది. లోమాక్స్ హార్వర్డ్‌లో చదివినవాడు, అక్కడి బ్యాలడ్ (కథాగీతాల) పండితుల ప్రోత్సాహం ఉన్నవాడు. పుస్తకం ముందు థియొడోర్ రూజ్‌వెల్ట్ స్వదస్తూరీ లేఖ. థార్ప్ పాటలు చాలావరకు అందులోకి చేరాయి, ఆయన పేరు చేరలేదు. పాటలు జనం సమష్టిగా కట్టుకున్నవని లోమాక్స్ నమ్మకం. ఒకే పాట పలు రూపాల్లో దొరికితే బాగున్న చరణాలన్నీ కలిపి ఒకటి చేశానని ఆయనే చెప్పుకున్నాడు. మొరటు మాటలు తీసేశాడు. థార్ప్ 1921లో పుస్తకాన్ని పెంచి మళ్లీ వేసినప్పుడు కుర్రాడి పాట నాదేనని ప్రకటించాల్సి వచ్చింది.

ఈ కర్తృత్వపు గొడవకు పరాకాష్ఠ ‘హోం ఆన్ ద రేంజ్’. 1930ల్లో రేడియో నిండా ఈ పాటే. 1934లో అరిజోనా దంపతులు ఆ పాట తమదంటూ 5 లక్షల డాలర్లకు దావా వేశారు. సంగీత ప్రచురణకర్తలు పంపిన న్యాయవాది పడమటి రాష్ట్రాలన్నీ తిరిగి ఆరా తీస్తే, చివరికి కాన్సస్‌లో 1870ల తొలినాళ్లలో బ్రూస్టర్ హిగ్లీ అనే వైద్యుడు రాసిన పద్యం దగ్గర తేలింది. లోమాక్స్‌కు ఆ పాట పాడి వినిపించింది శాన్ ఆంటోనియోలో సారాదుకాణం నడిపే ఒక నల్లజాతి వ్యక్తి. అంటే అమెరికా జాతీయ గుర్తుల్లో ఒకటైపోయిన కౌబాయ్ పాటను రాసింది డాక్టరు, నిలబెట్టింది నల్లజాతి గొంతు, అజ్ఞాత జానపదమని ముద్ర వేసింది పండితుడు. స్వచ్ఛమైన మూలం కోసం వెతికేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగి ఊపిరి తీసుకోవాలి.

1890 నుంచి 1940 దాకా వచ్చినవాళ్లను ఇవాళ పాతతరం మహాకవులుగా చూస్తారు. వాళ్ల జీవితాలు చూస్తే ఒక పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాదాపు అందరూ గుర్రం దిగాకో, దిగబోతూనో రాశారు. బ్యాడ్జర్ క్లార్క్ (1883-1957) మెథడిస్టు బోధకుడి కొడుకు. క్షయ సోకితే పొడిగాలి కోసం అరిజోనాలో టూంబ్‌స్టోన్ దగ్గరికి వెళ్లి, నాలుగేళ్లు ఒక పశుక్షేత్రానికి కాపలా ఉన్నాడు. ఇంటికి ఉత్తరంలో రాసిన పద్యాన్ని సవతితల్లి పత్రికకు పంపితే అచ్చయి డబ్బు వచ్చింది. ‘ఎ కౌబాయ్స్ ప్రేయర్’ అనే ఆయన ప్రార్థనాపద్యం ఎంత పాకిందంటే, పోస్టుకార్డుల మీద కవి అజ్ఞాతమని వేసి అమ్మారు. 1937లో దక్షిణ డకోటా ఆయన్ని రాష్ట్ర ఆస్థానకవిని చేసింది. గెయిల్ గార్డ్‌నర్ (1892-1988) డార్ట్‌మత్ కళాశాల పట్టభద్రుడు. ఇద్దరు తాగుబోతు కౌబాయ్‌లు దారిలో ఎదురొచ్చిన సైతానును మోకుతో పట్టి, వాత పెట్టి, తోక ముడేసి వదిలేసే ఆయన పద్యం 1917లో సైన్యంలో చేరడానికి రైల్లో వెళ్తూ రాసింది. తరవాత ప్రెస్కట్ ఊరికి పోస్ట్‌మాస్టరయ్యాడు. తన పద్యాన్ని ఎవరెవరో పేరు లేకుండా పాడేస్తుంటే ముసలితనం దాకా విసుక్కున్నాడు.

ఈ తరంలో అందరికన్నా పెద్దకవి, నా లెక్కన, బ్రూస్ కిస్కాడన్ (1878-1950). కొలరాడోలో కుర్రతనంలోనే పనిలో చేరాడు, అరిజోనాలో చేశాడు, ఆస్ట్రేలియా కూడా వెళ్లొచ్చాడు. 1920ల నడుమ సినిమాల్లో గుర్రపు పని దొరుకుతుందని లాస్ ఏంజెలెస్ చేరాడు. దొరికింది హోటల్లో అతిథుల పెట్టెలు మోసే పని. చివరిదాకా అదే. ఆ యూనిఫాంలో, గంట మోగడానికీ మోగడానికీ మధ్య దొరికిన ఖాళీలో పద్యాలు రాశాడు. అవి ‘వెస్టర్న్ లైవ్‌స్టాక్ జర్నల్’లోనూ, పశువుల సంత వేసే క్యాలెండర్లలోనూ న్యూ మెక్సికో చిత్రకారిణి కేథరిన్ ఫీల్డ్ బొమ్మలతో అచ్చయ్యేవి. ఆ పత్రిక చదివేది ఎవరు? గిత్త ధర చూసుకోవడానికి తెరిచిన రైతు, గుమాస్తా, కౌబాయ్. వాళ్లకు అందమైన సూర్యాస్తమయం అమ్మడం కుదరదు. అందుకే కిస్కాడన్ పద్యంలో విశేషణాలు తక్కువ, పనులు ఎక్కువ. తెల్లవారకముందే చలికి బిగుసుకుపోయిన కళ్లెపు ఇనుము, తడిసి కర్రలా అయిన మోకు, వంటబండి దగ్గర మాడిన కాఫీ. ఒక పద్యంలో పక్కవాడి దూడను కాజేయబోయిన మనిషిని అతని గుర్రమే హెచ్చరించి కాపాడుతుంది. గుర్రం చెవులు ఎటు తిరిగితే అటు చూడాలన్న సంగతి విడమరచి చెప్పాల్సిన అవసరం ఆ పాఠకులకు లేదు, ఆయనా చెప్పడు. శరదృతువులో పశువుల్ని రైలెక్కించి పంపేశాక ఖాళీ అయిన మైదానం గురించి ఆయన రాసిన పద్యం ఇవాళ్టికీ వేదికల మీద వినిపిస్తుంది. ఒక పట్నపు హోటలు మెట్ల మీద నిలబడి అంత ఖచ్చితంగా గుర్తుచేసుకోగలగడం వెనక ఆత్మదయ లేదు, వృత్తి క్రమశిక్షణ ఉంది. తన పాఠకుడు తప్పు పట్టుకుంటాడన్న భయమూ ఉంది.

ఇక కళ సంగతి. ఈ కవిత్వానికి అచ్చు పెద్ద కొలమానం కాదు. నాలుగు ఊనికల పాదం, మూడు ఊనికల పాదం మార్చిమార్చి నడిచే బ్యాలడ్ కట్టు, లేదా రెండూ కలిసిన ఏడు ఊనికల పొడవాటి పాదం, చివర అంత్యప్రాస. స్కాట్లండ్, ఐర్లండ్ వలసజనం తెచ్చిన నడక అది. దానిమీద కిప్లింగ్ ప్రభావం, 1907 తరవాత కెనడా బంగారుగనుల కవి రాబర్ట్ సర్వీస్ ప్రభావం బలంగా పడ్డాయి. ఈ కట్టు గుర్రం నడకలోంచి పుట్టిందని చాలామంది రాస్తారు. వినసొంపుగా ఉంటుంది గానీ నమ్మను. అదే కట్టులో నావికులు, గనికార్మికులు, ప్రార్థనామందిరాలు పాడుకున్నాయి. ఆస్ట్రేలియాలో న్యాయవాది బాంజో పాటర్సన్ గొడ్లకాపరుల మీద రాసిందీ ఇంచుమించు ఇందులోనే, 1890లోనే. కట్టు బతికింది జ్ఞాపకం కోసం. చేతులు ఖాళీ లేనివాడికి, దీపం లేనివాడికి ధారణే గ్రంథాలయం. ప్రాస అందులో అరల వరస.

కట్టు ఇంత గట్టిగా ఉన్నప్పుడు చెప్పేవాడి నేర్పంతా దాన్ని దాచడంలో ఉంటుంది. మంచి వాచకుడు ప్రాస దగ్గర ఆగడు. వాక్యాన్ని పాదం దాటించి, మధ్యలో విరిచి, మాట్లాడుతున్నట్టే చెబుతాడు. ఎక్కడో ఒకచోట శ్రోతకు ఇది పద్యమని గుర్తొస్తుంది. చేతులు పెద్దగా ఊపడు. హాస్యమైతే ముఖం అసలు కదలదు. గుర్రం విసిరేయడం, ఆవు తరుముకురావడం, మోకులో తన కాలే చిక్కుకోవడం లాంటి ప్రమాదాల మీద కట్టిన పద్యాలు ఈ సంప్రదాయంలో పెద్ద శాఖ. నడుం విరగ్గొట్టుకున్న సంగతిని వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాలి. నొప్పిని నేరుగా ఒప్పుకోవడం ఆ కొలువులో మర్యాద కాదు. ఇంకో మంచి లక్షణం: ఇతరుల పద్యం చెప్పడాన్ని తక్కువగా చూడరు. రాండీ రీమన్, జెర్రీ బ్రూక్స్ లాంటివాళ్లకు పేరు వచ్చింది ముఖ్యంగా పాత కవుల్ని చెప్పడంలోనే.

హాస్యానికి మకుటం మొంటానా పశుపోషకుడు వాలెస్ మెక్‌రే రాసిన ‘రీఇంకార్నేషన్’. ఒక కౌబాయ్ తన మిత్రుణ్ని పునర్జన్మ అంటే ఏమిటని అడుగుతాడు. చచ్చాక నిన్ను పాతిపెడతారు, నీ మీద గడ్డి మొలుస్తుంది, గుర్రం మేస్తుంది, చివరికి గుర్రం వెనక రాలిందాన్ని చూసి, నువ్వేం పెద్దగా మారలేదే అని నేను అనుకుంటాను - సారాంశం ఇది. ఆత్మ ప్రయాణాన్ని ఇంత క్లుప్తంగా తేల్చినవాడు మన వేదాంతుల్లో లేడు. అదే మెక్‌రే తన ప్రాంతంలో బొగ్గు కంపెనీలు గడ్డినేలను తవ్విపోయడానికి వచ్చినప్పుడు దశాబ్దాల తరబడి ఎదిరించాడు, ఆ కోపాన్ని పద్యాల్లో పెట్టాడు. జనం మాత్రం ఎక్కడికి వెళ్లినా గుర్రపులద్ది పద్యమే అడిగేవాళ్లు. 1990లో జాతీయ వారసత్వ ఫెలోషిప్ అందుకున్న తొలి కౌబాయ్ కవి ఆయనే.

ఎల్కో సభ వెనక పరిశోధకుల కృషి ఉంది. 1980ల మొదట్లో హాల్ కానన్, జిమ్ గ్రిఫిత్ వంటి జానపద పరిశోధకులు పడమటి రాష్ట్రాలన్నిటా కవుల కోసం గాలించారు. పల్లెపత్రికల్లో అడిగారు, పశుక్షేత్రాలకు వెళ్లారు. జాతీయ కళాసంస్థ నిధులిచ్చింది. 1985 జనవరి చివర సభ. ఆ తేదీ ఎంపికలోనే తెలివి ఉంది: దూడలు పుట్టే కాలానికి ముందు పశుక్షేత్రాల్లో కాస్త తీరిక దొరికేది అప్పుడే. గడ్డకట్టే చలిలో యాత్రికులు రారు, పనివాళ్లే వస్తారు. అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారు. తమ లోయలో తానొక్కడే ఈ పిచ్చిపని చేస్తున్నాననుకున్న మనుషులు వందలమంది ఒకరికొకరు తారసపడ్డారు. ఆ ఏడాదే కానన్ సంకలనం వచ్చింది. నెవాడా కౌబాయ్ వాడీ మిచెల్, పశువైద్యుడు బాక్స్టర్ బ్లాక్ జానీ కార్సన్ టీవీ కార్యక్రమానికెక్కారు. బ్లాక్ జాతీయ రేడియోలో ఏళ్ల తరబడి వ్యాఖ్యాతగా ఇంటింటి గొంతయ్యాడు. ఊరూరా సభలు పుట్టాయి. 2000లో అమెరికా సెనేట్ తీర్మానంతో ఎల్కో పేరుకు ‘జాతీయ’ చేరింది.

డబ్బు ప్రభుత్వానిదైతే తగువూ వస్తుంది. 2011లో బడ్జెట్ కోతల చర్చలో నెవాడా సెనేటర్ హ్యారీ రీడ్ ఈ సభ పేరెత్తి కళల నిధుల్ని సమర్థించాడు. వారంపాటు దేశమంతా నవ్వింది, కౌబాయ్ కవిత్వమంటే వృథాఖర్చుకు మారుపేరైంది. నవ్వినవాళ్లలో చాలామంది స్వశక్తితో బతికే కౌబాయ్‌ని ఆదర్శంగా పూజించేవాళ్లే. కౌబాయ్ మాత్రం ప్రభుత్వ బీళ్లలో అద్దెకు గొడ్లు మేపుకునే పశుపోషకుడి దగ్గర జీతం చేస్తున్నాడు. పురాణానికీ జీతపు కాగితానికీ మధ్య దూరం అంత.

సాహిత్యలోకంలో ఈ కవిత్వాన్ని గంభీరంగా తీసుకున్నవాళ్లలో కవి డానా జోయా ముఖ్యుడు. 2003లో రాసిన వ్యాసంలో ఆయన రాప్, వేదికపోటీ కవిత్వం, కౌబాయ్ కవిత్వం మూడింటినీ ఒకచోట పెట్టి, అచ్చుయుగం చివర మౌఖిక కవిత్వం తిరిగి వచ్చిందన్నాడు. మూడింటికీ ప్రాస, లయ, శ్రోతలు ఉన్నాయన్నది నిజం. కానీ ఆ పోలిక నాకు సగమే ఒప్పుతుంది. రాప్ శ్రోత పెరుగుతున్న నగరపు కుర్రాడు. కౌబాయ్ పద్యపు అసలు శ్రోత ఏటికేడు తగ్గుతున్న వృత్తివాడు. స్టాన్లీ, థాచర్ సంపాదకత్వంలో 2000లో కౌబాయ్ కవిత్వం మీద వచ్చిన వ్యాససంపుటి ఈ విషయంలో మరింత జాగ్రత్తగా నడుస్తుంది. మొత్తం ప్రశ్నను ఒకేచోట చూడాలంటే ఇప్పటికీ అదే మంచి పుస్తకం.

ఎవరు వేదికెక్కారో చూస్తే ఎవరు ఎక్కలేదో తెలుస్తుంది. తోలకాల కాలపు కౌబాయ్‌లలో మూడోవంతు దాకా నల్లజాతివారు, మెక్సికోవారు ఉండేవారని చరిత్రకారుల అంచనా. మోకు, జీను, వాత, పశువుల ఏరివేత, పని పద్ధతులన్నీ మెక్సికో కాపరుల నుంచి నేర్చినవే. ఆ మనుషులు సంకలనాల్లో కర్తలుగా దాదాపు లేరు. ‘గుడ్‌బై ఓల్డ్ పెయింట్’ పాట లోకానికి తెలిసింది జెస్ మోరిస్ అనే తెల్లజాతి ఫిడేలు వాద్యకారుడి ద్వారా. ఆయనకు నేర్పింది వాళ్ల ఇంట పనిచేసిన చార్లీ విల్లిస్, బానిసత్వంలో పుట్టిన నల్లజాతి కౌబాయ్. మాట ఇచ్చినవాడికి పేరు దక్కలేదన్న ఫిర్యాదు థార్ప్‌కు ఉంది, గార్డ్‌నర్‌కు ఉంది. విల్లిస్‌కు ఫిర్యాదు చేసే వీలు కూడా లేకపోయింది. క్రో అనే అమెరికా ఆదివాసీ తెగకు చెందిన హెన్రీ రియల్ బర్డ్ 2009లో మొంటానా ఆస్థానకవి అయ్యాక, 2010లో గుర్రం మీద 400 మైళ్లకు పైగా తిరుగుతూ దారిలో కనిపించినవాళ్లకు కవితాపుస్తకాలు పంచాడు. కౌబాయ్, ఇండియన్ అని ఎదురెదురుగా నిలబెట్టిన సినిమాలకు ఆయన బతుకే జవాబు.

ఆడవాళ్లది ఇంకో కథ. అరిజోనాలో పుట్టి నెవాడాలో స్థిరపడిన జార్జీ సికింగ్ (1921-2016) మగవాళ్లతో సమానంగా గుర్రం మీద జీతానికి పనిచేసింది. ఆమె కోరుకున్న బిరుదు ఒకటే, పనిలో దిట్ట అనిపించుకోవడం. కవయిత్రి అన్న పేరు తరవాతి సంగతి. 1985 తరవాత లిండా హుస్సా, వర్జీనియా బెనెట్ లాంటివాళ్లు వచ్చాక వంటింటి కిటికీలోంచి కనిపించే పశుక్షేత్రం, అప్పులు, విడాకులు, చలిలో చచ్చిన లేగలు పద్యంలోకి వచ్చాయి. మగవాళ్ల బెంగపద్యాలకు విరుగుడుగా ఇవి చదవాలి. తొక్కిపెట్టిన మరో పొర బూతు. లోమాక్స్ తీసేసినవాటిని గై లాగ్స్‌డన్ ఏరికూర్చి 1989లో పుస్తకం వేసేదాకా, కౌబాయ్‌లందరూ సాయంప్రార్థన చేసుకుని పడుకునేవాళ్లని నమ్మడానికి వీలుండేది.

మనకు సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. రోడియో (గుర్రాలు, గిత్తల మీద స్వారీ పోటీలు) పద్యాల్లో మనుషుల్ని గాల్లోకి విసిరే మూపురం గిత్తల్లో చాలావాటి రక్తం బ్రాహ్మన్ జాతిది. ఆ జాతిని అమెరికాలో తయారుచేసింది భారతదేశం నుంచి పట్టుకెళ్లిన పశువులతో. అందులో గిర్, గుజరాత్, కృష్ణాలోయ పశువులతోపాటు అక్కడ నెల్లూరు అని పిలిచే మన ఒంగోలు జాతి కూడా ఉంది. 1906లో టెక్సాస్‌కు ఒక పెద్ద దిగుమతి జరిగింది. ఎండకూ, పిడుదులకూ తట్టుకుంటుందని తీసుకెళ్లారు. దాని పొగరు మీద పద్యాలొస్తాయని ఎవరూ లెక్క వేసి ఉండరు.

ఎల్కో తరవాతి కవిత్వంలో పెద్ద తగువు ఛందస్సు మీదే నడిచింది. రోడియోలో గుర్రమెక్కిన పాల్ జార్జిస్కీ మొంటానాలో రిచర్డ్ హ్యూగో దగ్గర కవిత్వం చదువుకున్నవాడు. ప్రాస లేని వచనకవితతో కౌబాయ్ వేదికెక్కాడు. ఇది కౌబాయ్ కవిత్వమే కాదని గొణిగినవాళ్లున్నారు. కానీ జనం విన్నారు, ఎందుకంటే గుర్రం ఎలా ఎగురుతుందో అతనికి తెలుసని వాళ్లకు తెలుసు. ఛందస్సు సభ్యత్వపు చీటీ కాదని ఆ వేదికే తేల్చింది. దీనికి ఎదురుదిశలో టెక్సాస్ కవి బక్ రామ్సీ (1938-1998). యవ్వనంలో గుర్రం మీంచి పడి నడుం కింద చచ్చుబడి, మిగతా బతుకంతా చక్రాలకుర్చీలో గడిపాడు. ఒక కుర్రకౌబాయ్ పనిలో చేరి ఎదిగే కథను దీర్ఘకావ్యంగా రాయడానికి ఆయన ఎంచుకున్న కట్టు పుష్కిన్ ‘యెవ్గెనీ ఒనేగిన్’లోని పధ్నాలుగు పాదాలది. విక్రమ్ సేఠ్ 1986లో కాలిఫోర్నియా నవలకు వాడుకున్నదీ అదే. రష్యా ప్రభువంశపు కట్టులో టెక్సాస్‌లోని అమరిల్లో ఊరి గడ్డిమైదానం! 1993లో వచ్చిన ఆ కావ్యపు ప్రవేశిక ఇవాళ ఈ సంప్రదాయంలో అందరూ తలచుకునే పద్యం. అందులో బెంగ ఉంది, కానీ దానికి లెక్క కూడా ఉంది: మేం ఎక్కిన గుర్రాలే ఈ నేలను కంచెలకు అప్పగించాయన్న ఎరుక. బెంగపద్యానికీ కావ్యానికీ తేడా నాకు అక్కడ కనిపిస్తుంది.

సగటు సభల్లో ఈ ఎరుక దొరకదు. టిక్కెట్టు కొని వచ్చే శ్రోతల్లో ఇప్పుడు విశ్రాంత ఉద్యోగులు, పట్నవాసులు చాలామంది. వాళ్లకు మోకు ముడి తెలియదు, టోపీ తెలుసు. దాంతో దేవుడు, జెండా, నమ్మకమైన గుర్రం, చచ్చిపోయిన తాత అనే నాలుగు స్తంభాల మీద లేచిన పద్యాలు వేదికలు నింపుతున్నాయి. క్లార్క్ ప్రార్థన నుంచి వచ్చిన ఈ పాయ నాకు మొదటినుంచీ నీళ్లపాలుగానే తోస్తుంది. కిస్కాడన్ పాయలోవాళ్లు తక్కువే గానీ ఉన్నారు. టెక్సాస్‌లో గుర్రాలను లొంగదీసే జోయెల్ నెల్సన్ వాళ్లలో ఒకడు, 2009లో జాతీయ ఫెలోషిప్ అందుకున్నాడు.

అదే నెవాడా బీళ్లలో ఇంకో కవిత్వమూ ఉంది. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుల బాస్క్ ప్రాంతం నుంచి గొర్రెలకాపరులుగా వచ్చినవాళ్లు తమ భాషలో, ఇచ్చిన అంశం మీద, ఇచ్చిన బాణీలో అప్పటికప్పుడు పద్యం కట్టి పాడతారు. ఆశుకవిత్వం మన సొత్తనుకునేవాళ్లు ఒకసారి వినాలి. ఈ కవుల్లో నలుగురికి 2003లో జాతీయ ఫెలోషిప్ కలిపి ఇచ్చారు. ఎల్కోలోనే ప్రతి జూలైలో బాస్క్ ఉత్సవం జరుగుతుంది. పశువులు, గొర్రెలు ఒకే గడ్డి కోసం తగువులాడిన నేల అది. కౌబాయ్ కవిత్వంలో గొర్రెలవాడు చాలాకాలం తిట్టుపదంగానే ఉన్నాడు. ఈ రెండు కవిత్వాల్నీ పక్కపక్కన పెట్టి చదివిన సమగ్రమైన పుస్తకమేదీ నా కంటపడలేదు. ఈ రంగంలో ఇప్పుడు జరగాల్సిన పని అదేననుకుంటాను.